బైపాస్ అయ్యాక రిపోర్టులన్నీ బాగున్నాయి, మా వారు మాత్రం మునుపటిలా లేరు

తెనాలి గృహిణి

అందరికీ నమస్కారం. మా వారికి యాభై నాలుగేళ్లు. నిరుడు గుండెపోటు వచ్చింది. రక్తనాళాల్లో మూడు చోట్ల పూడికలు ఉన్నాయంటే బైపాస్ చేయించాం. దేవుడి దయవల్ల గండం గడిచింది. ఎకో, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయని మొన్న డాక్టరుగారు అన్నారు. మందులు వేళ తప్పకుండా వేసుకుంటారు, పొద్దున్నే నడుస్తారు, షాపుకు వెళ్తారు. చూడవచ్చిన వాళ్లతో నవ్వుతూనే మాట్లాడతారు. మా అత్తగారు తిరుపతి మొక్కు కూడా తీర్చేశారు.

అయినా ఏదో తేడా ఉంది. మాది బట్టల షాపు. కొత్త సరుకు దిగిందంటే మా వారు అన్నం ముందున్నా లేచి వచ్చేవారు. కట్ట విప్పగానే చీర అంచు రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసి, ‘ఈ రంగు నిలవదు’ అనో ‘ఇది పండగ దాకా మన దగ్గర ఉండదు’ అనో తేల్చి చెప్పేవారు. ఈ శ్రావణమాసానికి చీరాల నుంచి సరుకు వచ్చింది. కుర్రాళ్లు కట్టలు విప్పి ఒక్కొక్కటే చూపిస్తుంటే గల్లా దగ్గరే కూర్చుని ‘సరే, సర్దేయండి’ అన్నారు. ఒక్క చీర కూడా చేత్తో ముట్టుకోలేదు.

తెల్లవారుజామున మూడింటికే లేచి వరండాలో కూర్చుంటారు. అడిగితే ‘నిద్ర చాలింది’ అంటారు. కూర ఎలా ఉందంటే ‘బాగుంది’. ఉప్పు వేయని రోజు కూడా ‘బాగుంది’ అనే అన్నారు. ఏడవరు, కోప్పడరు, దేనికీ కాదనరు. దీన్ని డిప్రెషన్ అంటారా? ఆపరేషన్ తర్వాత ఉండే నీరసమేనా? ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

వేపచెట్టు

అమ్మా, కంగారు పడకండి. ఛాతీ ఎముక కోసి చేసిన ఆపరేషన్ అది. మనిషి తేరుకోవడానికి సమయం పడుతుంది. చావు అంచుల దాకా వెళ్లి వచ్చిన వాడికి కాస్త వైరాగ్యం రావడం సహజం. ఇప్పుడే దానికి జబ్బు పేరు పెడితే ఆయన నిజంగానే రోగి అనుకుంటారు. పదిమందిలోకి తీసుకెళ్లండి, గుడికి తీసుకెళ్లండి. మనవలో మేనల్లుళ్లో ఉంటే ఇంట్లో సందడి చేయించండి. అదే సర్దుకుంటుంది.

పాత స్టెతస్కోపు

నేను కాకినాడలో చాలాకాలం జనరల్ మెడిసిన్ చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. వేపచెట్టు గారి ఆప్యాయత అర్థమవుతోంది, కానీ ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేను.

కోసిన ఛాతీ ఎముక అతుక్కోవడానికి మామూలుగా రెండు మూడు నెలలు చాలు. ఆ తర్వాత కూడా నీరసం ఉందంటే కారణం వెతకాలి. గుండెపోటు వచ్చినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి చికిత్స అవసరమయ్యేంత డిప్రెషన్ వస్తుంది. అంతకంటే తక్కువ స్థాయి దిగులు ఇంకా ఎక్కువ మందిలో ఉంటుంది. ఇది కేవలం మనసుకు సంబంధించిన సంగతి కూడా కాదు. డిప్రెషన్ ఉన్న గుండె రోగుల్లో మళ్లీ గుండెపోటు, మరణం రెండూ ఎక్కువగా కనిపిస్తున్నాయి కాబట్టి దాన్ని ముప్పు పెంచే కారణాల జాబితాలో చేర్చాలని 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సిఫారసు చేసింది. బీపీ, షుగరు గురించి అడిగినట్టే దీని గురించీ అడగాలి. మన దగ్గర ఓపీలో అంత తీరిక ఉండదు. ఎకో బాగుంటే ‘అంతా బాగుంది’ అని పంపించేస్తారు.

వైరాగ్యం అన్నారు. వైరాగ్యం వచ్చిన మనిషికి కంటినిండా నిద్ర పడుతుంది, మనసు తేలిక పడుతుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి ఇక నిద్ర పట్టకపోవడం డిప్రెషన్‌లో బాగా తెలిసిన లక్షణం. అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసింది చీర ముట్టుకోకపోవడం. ఏడుపు కోసం చూడకండి, అమ్మా. ఆ మనిషి ఇష్టంగా చేసే పనుల్లో ఏవేవి చప్పుడు లేకుండా మానేశారో చూడండి.

మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లేలోపు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించండి. వీటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే డీలా పడతాడు. వాడుతున్న మందుల చీటీ కూడా వెంట తీసుకెళ్లండి.

ఓరుగల్లు సిరి

అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు కదల్లేకపోయాను. మీ వారి వైపు నుంచి రెండు మాటలు చెప్తాను.

నాకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. చికిత్స నడుస్తున్నన్నాళ్లూ నేను గట్టిగానే ఉన్నాను. రోజూ ఒక పని ఉండేది: ఈ రోజు రక్తపరీక్ష, రేపు కీమో, ఎల్లుండి సూది. ఇంటినిండా మనుషులు. నా వెంట ఎవరో ఒకరు ఆసుపత్రికి వచ్చేవారు. ‘ఇక ఆరు నెలలకోసారి వస్తే చాలు’ అని డాక్టరమ్మ అన్న రోజున ఇంట్లో స్వీట్లు పంచారు. నాకు ఆ రోజు నుంచే మొదలైంది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. జబ్బుతో యుద్ధం చేస్తున్నప్పుడు పక్కకు నెట్టిన భయమంతా తీరిగ్గా వచ్చి కూర్చుంది.

పైగా దాన్ని చెప్పుకోవడానికి నోరు రాదు. ‘నీకు పునర్జన్మ’, ‘నీ పిల్లల అదృష్టం’, ‘ఎంత ధైర్యం నీది’ అని అందరూ అంటుంటే ‘నాకేమీ బాగా లేదు’ అని ఎలా అంటాం? నాతోపాటు కీమో ఎక్కించుకున్న ఒకావిడ బతకలేదు. ఆమె పిల్లలు చిన్నవాళ్లు. నేను బతికి ఇలా మొహం వేలాడేసుకుని కూర్చోవడం పాపం అనిపించేది. అందుకే నవ్వేదాన్ని. పిల్లల క్యారేజీలు, అత్తయ్య మందులు, చుట్టాల పెళ్లిళ్లు, ఏదీ తప్పలేదు. బయటివాళ్లకు ఏమీ తెలియదు. రాత్రి జుట్టు దువ్వుకుంటూ అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టు ఉండేది.

మీ వారు ‘బాగుంది’ అంటున్నారంటే, మీరు తన కోసం పడ్డ కష్టానికి ఎదురు చెప్పకూడదని అంటున్నారేమో. ఖర్చు, అప్పు, మీ జాగారం అన్నీ ఆయన చూశారు కదా.

వేపచెట్టు

డాక్టరుగారి మాట కాదనను. సిరమ్మ బాధ చదివితే మనసు కలుక్కుమంది. కానీ నా భయం ఒకటి ఉంది. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్తే మందులు ఇస్తారు. అవి ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలని, అలవాటు పడిపోతారని, మనిషి మత్తుగా పడి ఉంటాడని విన్నాను. ఇప్పటికే గుండెకు గుప్పెడు మాత్రలు మింగుతున్న మనిషికి ఇవి కూడానా?

మందుల చీటీ

ఫార్మసిస్టును. దీనికి నేను జవాబు చెప్పాలి.

అలవాటు పడేవి, మత్తు కలిగించేవి వేరు. నిద్ర పట్టడం లేదని షాపుకు వచ్చి అల్‌ప్రజోలం అడుగుతారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. అయినా పక్కింటివాళ్ల చీటీ మీదో, పాత చీటీ మీదో తెప్పించుకుని నెలల తరబడి వాడేవాళ్లు ఉన్నారు. అది డిప్రెషన్‌కు మందు కాదు. నిద్ర వస్తుంది కాబట్టి బాగైనట్టు కనిపిస్తుంది, లోపల ఉన్నది అలాగే ఉంటుంది.

డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలిన్ లాంటివాటికి ఆ రకమైన వ్యసనం ఉండదు. సెర్ట్రలిన్‌ను గుండెపోటు వచ్చినవారి మీదే పరీక్షించి, గుండెకు హాని చేయడం లేదని 2002లోనే ఫలితాలు ప్రచురించారు. అయితే మొదటి రోజే పనిచేయదు. తేడా తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో వికారం, కాస్త తలనొప్పి ఉండవచ్చు. చాలామంది పది రోజులు వేసుకుని ‘ఏమీ లాభం లేదు’ అని మానేస్తారు. కొందరు బాగైందనిపించగానే ఒక్కసారిగా ఆపేస్తారు. రెండూ కూడదు. బాగైన తర్వాత కూడా కొన్ని నెలలు కొనసాగించి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

తెనాలి అక్కగారికి ఒక మాట. బైపాస్ అయినవారికి రక్తం పలచన చేసే ఆస్పిరిన్, కొందరికి క్లోపిడోగ్రెల్ కూడా ఉంటాయి. వాటితో ఈ రకం మందు కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం కొంత పెరుగుతుంది. ఇవ్వకూడదని కాదు, డాక్టరుకు తెలిసి ఇవ్వాలి. మలం నల్లగా వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా వెంటనే చెప్పాలి.

సిరిగారూ, రొమ్ము క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మీరు వాడుతుంటే ఇది తప్పక గుర్తుంచుకోండి. ఆ మందు కాలేయంలో మార్పు చెందితేనే పూర్తిగా పనిచేస్తుంది. పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు ఆ మార్పును బాగా అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సిన్ లాంటివి అంతగా అడ్డుకోవు. క్యాన్సర్ డాక్టరు ఒకచోట, మానసిక వైద్యుడు మరోచోట ఉంటారు. ఒకరు రాసింది మరొకరికి చూపించే బాధ్యత మన మీదే పడుతుంది.

ఓరుగల్లు సిరి

టామాక్సిఫెన్ వాడుతున్నానండీ. మా డాక్టరమ్మ అది చూసే వెన్లాఫాక్సిన్ రాశారు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

మనోవీధి

హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. పెద్ద జబ్బు తర్వాత వచ్చే డిప్రెషన్ ఎందుకు కనిపించకుండా పోతుందో చెప్తాను.

డిప్రెషన్‌ను అంచనా వేయడానికి ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులు ఉందని అడుగుతుంది. మొత్తం 27కు గాను 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే జాగ్రత్తగా చూడాలి. ఆ తొమ్మిదిలో నిద్ర, నీరసం, ఆకలి కూడా ఉన్నాయి. గుండె ఆపరేషన్ అయినా, కీమో అయినా ఆ మూడూ ఎలాగూ దెబ్బతింటాయి. కాబట్టి ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా, అంతా జబ్బు ఖాతాలోనే రాసేస్తారు. ఈ చిక్కు ఉందనే 1983లో ఆసుపత్రి రోగుల కోసం మరో ప్రశ్నావళి తయారైంది. అందులో ఒంటి బాధల గురించి దాదాపు అడగరు. ‘ఇంతకుముందు ఇష్టపడినవి ఇప్పుడూ ఇష్టంగా ఉన్నాయా? నవ్వు వచ్చే విషయానికి నవ్వు వస్తోందా? ముందున్న రోజుల కోసం ఎదురుచూస్తున్నారా?’ ఇలాంటివి అడుగుతారు.

ఆపరేషన్ వల్ల నీరసపడిన మనిషి చీర ముట్టుకోవాలనుకుంటాడు, లేవలేక కూర్చుంటాడు. తనకు ఇది చేతకావడం లేదని విసుక్కుంటాడు కూడా. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి లేవాలనే అనిపించదు. మీరు చూడాల్సింది ఆ తేడా. మగవాళ్లలో కొందరికి ఇది చిరాకుగా, కోపంగా, తాగుడుగా బయటపడుతుంది. మీ వారిలో అన్నింటికీ తలూపడంగా బయటపడుతున్నట్టుంది.

అడిగేటప్పుడు ‘బాగానే ఉన్నారు కదా?’ అని అడగకండి. దానికి ‘ఆ’ అనే జవాబు వస్తుంది. మీరు చూసిందే చెప్పండి: ‘చీరాల సరుకు వస్తే మీరు ఒక్కటీ చేతిలోకి తీసుకోలేదు. మూడింటికే లేస్తున్నారు. ఏమవుతోంది?’ తర్వాత మాట్లాడకుండా కూర్చోండి. ఆయన వెంటనే చెప్పకపోవచ్చు. మీరు ధైర్యం చెప్పడానికి తొందరపడకండి.

శ్రీకాకుళం తమ్ముడు

మా అన్నయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడి చేయి రాదు. మాట్లాడలేని మనిషిలో దిగులు ఎలా పోల్చుకోవాలి? టీవీలో ఏదో పాట వచ్చినా భోరున ఏడుస్తాడు, వెంటనే ఆపేస్తాడు. వదిన కుమిలిపోతోంది.

పాత స్టెతస్కోపు

తమ్ముడూ, పక్షవాతం తర్వాత దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. అది అంగవైకల్యం వల్ల కలిగే బాధ మాత్రమే కాదు, మెదడులో దెబ్బతిన్న భాగం వల్ల కూడా కావచ్చు. కానీ ఉన్నట్టుండి ఏడ్చి, వెంటనే ఆగిపోయే ఏడుపు ఒక్కటే చూసి డిప్రెషన్ అనుకోకండి. ఏడుపును, నవ్వును అదుపుచేసే మార్గాలు దెబ్బతిన్నప్పుడు దుఃఖం లేకుండానే ఏడుపు వస్తుంది. ఈ సంగతి వదినగారికి తప్పక చెప్పండి, సగం బరువు తగ్గుతుంది. దానికీ మందులు ఉన్నాయి.

మాట రాని మనిషిలో చూడాల్సినవి వేరు. ఫిజియోథెరపీకి చేయి చాచడం మానేశాడా, ముద్ద నోటి దగ్గరకు వస్తే మొహం తిప్పుకుంటున్నాడా, పిల్లలు గదిలోకి వస్తే కళ్లు అటు తిరుగుతున్నాయా లేదా? నాడీ వైద్యుడికి ఇవి చెప్పండి.

హడ్సన్ తీరం

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. 2021లో కోవిడ్‌తో వెంటిలేటర్ మీద ఉన్నాను. ఇంటికి వచ్చాక ఎవరికీ చెప్పని విషయం ఒకటి ఉండేది. ఐసీయూలో నర్సులు నన్ను బంధించి ఎక్కడికో తీసుకెళ్తున్నారని, మా అమ్మ తలుపు అవతల ఏడుస్తోందని నాకు స్పష్టంగా గుర్తు. అవేవీ జరగలేదు. అక్కడి మందుల వల్ల, ఆక్సిజన్ తగ్గడం వల్ల, నిద్రలేమి వల్ల వచ్చిన భ్రమలు. కానీ అవి నిజం జ్ఞాపకాలకంటే గట్టిగా నిలిచిపోయాయి. పిచ్చివాణ్ణి అనుకుంటారని నోరు విప్పలేదు. గుక్కతిప్పుకోకుండా ఆఫీసు పని చేసేవాణ్ణి, రాత్రి లైటు ఆర్పేవాణ్ణి కాదు.

ఐసీయూ నుంచి బయటపడినవారిలో బలహీనత, మతిమరుపు, దిగులు, భయం కలిసి రావడానికి వైద్యంలో ఒక పేరే ఉందని ఇక్కడి డాక్టరు చెప్పినప్పుడు నాకు ఊపిరి ఆడింది. స్కాండినేవియా దేశాల్లో రోగి స్పృహలో లేనప్పుడు నర్సులు, ఇంట్లోవాళ్లు రోజూ ఏం జరిగిందో ఒక పుస్తకంలో రాసి పెడతారట. తర్వాత అది చదువుకుంటే ఏది జరిగిందో ఏది భ్రమో తెలుస్తుంది. నాకు మా ఆవిడ తన ఫోనులో చెల్లెలికి పంపిన మెసేజీలే ఆ పుస్తకమయ్యాయి. ఇద్దరం కూర్చుని తేదీల వారీగా చదివాం. తెనాలి అక్కగారూ, బైపాస్ తర్వాత ఐసీయూలో ఆయనకు ఏమైనా కనిపించిందా, వినిపించిందా అని కూడా మెల్లగా అడగండి.

తెనాలి గృహిణి

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మనోవీధి గారు చెప్పినట్టే అడిగాను. తెల్లవారుజామున వరండాలోకి వెళ్లి పక్కన కూర్చుని చీరల సంగతి ఎత్తాను. చాలాసేపు వీధిలోకి చూస్తూ ఉన్నారు. తర్వాత అన్నారు: ‘అందరూ కలిసి నన్ను బతికించుకున్నారు. నాకే బతికినట్టు లేదు.’ గుండె కొట్టుకోవడం వింటూ పడుకుంటారట. ఎక్కడ ఆగుతుందో అని లెక్కపెడుతూ ఉంటారట. షాపు అప్పు తన ఆపరేషన్ వల్లేనని, పోయి ఉంటే బీమా డబ్బుతో మేము సుఖంగా ఉండేవాళ్లమని అన్నారు.

మరో సంగతి. పోయిన వారం బ్యాంకు కాగితాలు, షాపు లెక్కలు, బీమా పత్రాలు ఒక సంచిలో సర్ది ఏది ఎక్కడ ఉందో నాకు నేర్పించారు. అప్పుడు మంచిదే అనుకున్నాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి.

మనోవీధి

అమ్మా, వైద్యుడిని చూపించడం ఈ రోజే జరగాలి. మంచి రోజు కోసం, పండగ వెళ్లడం కోసం ఆగకండి.

కాగితాలు సర్దడం ముందుజాగ్రత్త కావచ్చు. కానీ ‘పోయి ఉంటే బాగుండేది’ అన్న మాటతో కలిపి చూస్తే తేలిగ్గా తీసుకోకూడదు. సూటిగా అడగండి: ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. లోపల దాచుకున్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. వస్తోందని అంటే ఆయనను ఒంటరిగా వదలకండి. ఇంట్లో మందుల నిల్వ మీ చేతిలో పెట్టుకుని ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. డాక్టరు దొరికేలోపు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆయన మాట్లాడనంటే మీరే మాట్లాడండి, ఏం చేయాలో మీకు చెప్తారు. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఓరుగల్లు సిరి

అక్కా, ఆయన ఇంత చెప్పారంటే మీ మీద నమ్మకంతోనే చెప్పారు. వెళ్లి వచ్చాక ఒక్క మాట రాయండి.

తెనాలి గృహిణి

ఆ సాయంత్రమే గుంటూరులో చూపించాం. మా మరిది కూడా వచ్చాడు. డాక్టరుగారు ఆయనతో విడిగా మాట్లాడారు, తర్వాత నాతో. ఆ ఆలోచనలు వస్తున్నాయని, ఏమీ చేసుకోలేదని చెప్పారట. మందు మొదలుపెట్టారు, గుండె డాక్టరుతో ఫోనులో మాట్లాడే రాశారు. వారం తిరగకుండా మళ్లీ రమ్మన్నారు. కౌన్సెలింగ్‌లో ఆయనకు ఇచ్చిన పని ఏమిటంటే, ఇష్టం ఉన్నా లేకున్నా రోజూ ఒక గంట సరుకు గదిలో కూర్చోవడం. ఇష్టం వచ్చాక పని చేయడం కాదు, పని చేస్తుంటే ఇష్టం మెల్లగా తిరిగి వస్తుందని చెప్పారు. ఇప్పుడు నెల దాటింది. నిద్ర నాలుగున్నర దాకా పడుతోంది. నిన్న పప్పులో పులుపు ఎక్కువైందన్నారు. షాపులో ఇంకా మునుపటి హుషారు లేదు.

ఒక సందేహం. ఒకవేళ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే బీమా వర్తిస్తుందా?

మందుల చీటీ

ఒంటి జబ్బులకు ఎలా వర్తింపజేస్తారో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చేర్చి చేసే చికిత్సకు అడగండి. ఓపీ ఖర్చులు చాలా పాలసీల్లో రావు, మీ పత్రంలో చూడాలి.

వేపచెట్టు

అమ్మా, పప్పులో పులుపు మాట చదివి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

డాక్టరుగారూ, మా నాన్నగారికి ఎనభై దాటాయి. ఆయనకూ పోయిన ఏడాది స్టెంట్ వేశారు. ఈ మధ్య పేపరు చదవడం మానేశారు, కళ్లజోడు మడిచి పక్కన పెట్టేస్తున్నారు. వయసు అనుకుంటున్నాం. మాది ఒంగోలు. ముందు ఎక్కడ చూపించమంటారు?

పాత స్టెతస్కోపు

ముందు కళ్లు, చెవులు చూపించండి. శుక్లాలు ఉన్నా పేపరు మానేస్తారు. అవి బాగుంటే థైరాయిడ్, బి12, సోడియం చేయించి, ఆ కాగితాలతో మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లండి. మీ ఊరి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది. మతిమరుపు మొదలవుతోందా, డిప్రెషనా అన్నది వాళ్లు తేలుస్తారు. పెద్ద వయసులో ఈ రెండూ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. మందు మొదలుపెడితే రెండు మూడు వారాల్లో సోడియం మళ్లీ చూపించండి. ఆ వయసువారిలో ఈ మందుల వల్ల అది తగ్గవచ్చు, తగ్గితే తూలి పడతారు.